ఆ మరక నీటిది

ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ దూరం సుమారు 30 కిలోమీటర్లు. ఆ దారికి అటూ ఇటూ ఉన్న పల్లెలలో ఒకదాని ఉన్నత పాఠశాలలో నేను కొంతకాలం పనిచేసినాను. సోమవారం ఉదయం ప్రార్థన ముగియగానే పిల్లల శుభ్రతను పరీక్షించడం అక్కడి ఆచారం. గోళ్లు చూసేవాళ్లం, తల దువ్వుకొన్నారో లేదో చూసేవాళ్లం, చివరకు పళ్లు చూపుమనేవాళ్లం. ఒకనాడు ఏడవ తరగతి పిల్లవాడొకడు గోళ్లు చూపినాడు గాని నోరు తెరవలేదు. రెండుమారులు గద్దించిన మీదట పెదవి ఎత్తినాడు. ముందుపళ్లు నాలుగూ సున్నం కొట్టినట్టి తెలుపు మీద గోధుమరంగు చారలతో ఉన్నాయి. "పళ్లు తోముకోకుండానే బడికి వస్తావా?" అని అందరి ఎదుటా అన్నాను. వెనుక వరుసలో ఎవరో నవ్వినారు.

"దినామూ తోముకుంటా సార్. ఇటుకపొడితో గూడా తోమినా. పోలేదు" అన్నాడు వాడు, మూతికి చేయి అడ్డం పెట్టుకొని.

అబద్ధమాడుతున్నాడని నేననుకొన్నాను. అటుతర్వాత వాడు పాఠం చదవమంటే తలవంచుకొని, అరచేతి చాటునుండి చదివేవాడు. నవ్వవలసిన చోట పెదవులు బిగించేవాడు. నేను గమనించినాను గాని కారణం నేనేనని తోచలేదు.

ఆ సంవత్సరమే మా బడిలో దంతవైద్య శిబిరమొకటి జరిగినది. వచ్చిన వైద్యురాలు పిల్లలందరినీ వరుసగా చూస్తూ వీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగినది. నేను ఉపాధ్యాయ సహజమైన ఉత్సాహంతో, "వీనికి కొంచెం గట్టిగా చెప్పండి డాక్టరుగారూ, పళ్లు తోముకోడు" అన్నాను. ఆమె అద్దం క్రింద పెట్టి నావైపు చూసినది.

"సార్, ఈ పూట నేను చూసినవాళ్లలో ఇంత శుభ్రంగా తోముకొనే పిల్లవాడు మరొకడు లేడు. శుభ్రం ఎక్కువై పళ్లు అరిగినాయి కూడా. ఆ మరక పంటి మీద లేదు, పంటి లోపల ఉన్నది. మీ ఊళ్లో ఏ నీళ్లు తాగుతారు?"

పళ్ల విషయంలో నీళ్లను గురించి అడిగేవారిని అంతవరకు నేను చూడలేదు. మావంటి ఉపాధ్యాయులకు ఈ సంగతి తెలిసి ఉండడం అవసరమని తోచి, అటుతర్వాత అడిగి తెలుసుకొన్నదీ, చదివి తెలుసుకొన్నదీ ఇక్కడ విన్నవిస్తున్నాను.

ఎమ్మిగనూరు చేనేతకు ప్రసిద్ధి చెందిన ఊరు. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ నేతపనివారి సహకార సంఘాన్ని నెలకొల్పినారు. మగ్గం ఎరిగినవారికి ఈ మరక సంగతి ఒక్క మాటలో చెప్పవచ్చు. నేసిన బట్ట మీద పడిన మరక వేరు, నూలులోనే ఉన్న రంగు వేరు. మొదటిదానిని ఉతికి పోగొట్టవచ్చు. రెండవదానిని ఎంత ఉతికినా బట్ట చిరుగుతుంది గాని రంగు పోదు. పొగాకు, వక్క, టీ పంటి మీద పెట్టే మరక మొదటి జాతిది. వైద్యుడు గీకి తుడిస్తే పోతుంది. ఆ పిల్లవాని పళ్ల మీది చారలు రెండవ జాతివి. పంటిపై మెరిసే గట్టి పొరను ఎనామిల్ అంటారు. చిగురు క్రింద ఆ పొర నేతలో ఉన్నప్పుడే, నీటితో వచ్చిన ఫ్లోరైడు దానిలో కలిసిపోయింది. పన్ను బయటికి వచ్చే నాటికే నేత ముగిసినది. ఇక ఇటుకపొడి ఏమి చేయగలదు?

ఈ రహస్యం బయటపడిన వైనం కొంత ఆసక్తికరమైనది. 1901లో ఫ్రెడరిక్ మెకే అనే యువ దంతవైద్యుడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో వైద్యం ఆరంభించినాడు. ఆ ఊరి పిల్లల పళ్లమీద గోధుమరంగు మచ్చలు చూసి ఆశ్చర్యపడినాడు. పుస్తకాలలో దాని ఊసు లేదు. ఊరివారు మాత్రం తలకొక కారణం చెప్పేవారట. 1909లో జి. వి. బ్లాక్ అనే ప్రఖ్యాత దంతశాస్త్రవేత్త అతనికి తోడైనాడు. వారిద్దరూ కనిపెట్టిన సంగతులలో రెండు ముఖ్యమైనవి. ఆ ఊరిలో పుట్టి పెరిగినవారికే ఆ మచ్చలు, పెద్దయిన తర్వాత వచ్చి స్థిరపడినవారికి లేవు. రెండవది, మచ్చలున్న ఆ పళ్లు తక్కినవాటికంటె తక్కువగా పుచ్చుతున్నాయి. 1923లో మెకే ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ అనే ఊరికి పోయినాడు. అక్కడి తల్లులు, దూరపు ఊటనుండి గొట్టాల ద్వారా ఊరికి నీరు తెచ్చుకొన్న తర్వాతనే తమ పిల్లల పళ్లకు మచ్చలు వచ్చినవని చెప్పినారు. ఆ నీరు మాని దగ్గరలోని మరొక ఊట నీరు వాడుకొమ్మని మెకే చెప్పినాడు. కొన్ని సంవత్సరాలకు అక్కడి చిన్నపిల్లల కొత్త పళ్లు మచ్చలేకుండా వచ్చినాయి. నీటిలో ఉన్న ఆ పదార్థమేదో మాత్రం 1931లో గాని తేలలేదు. అల్యూమినియం కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడు చర్చిల్, ఆర్కన్సా రాష్ట్రంలోని బాక్సైట్ అనే ఊరి నీటిని పరీక్షించి అది ఫ్లోరైడు అని తేల్చినాడు.

ఇది చదువుతూ నేను ఓక్లీ తల్లుల దగ్గర ఆగిపోయినాను. ఎందుకనగా, శిబిరం జరిగిన కొద్ది రోజులకే ఆ పిల్లవాని అవ్వ బడికి వచ్చి దాదాపు అదే మాట నాతో అన్నది. నోటిలో మిగిలిన పళ్లు కొన్నే అయినా అవి తెల్లగా ఉన్నాయి. "మేము మా పుట్టినూర్లో వంక నీళ్లు తాగినోళ్లం అయ్యవారూ. మావి బాగుండె. ఈ బోరింగు పడినంక పుట్టిన పిల్లోళ్లకే ఇట్లయింది" అన్నది. మెకే ముప్పది సంవత్సరాలు వెదకిన దారిలో సగం ఆ అవ్వకు తెలిసే ఉన్నది. అడిగినవారు లేరు.

అడిగినవారు మన తెలుగునాట లేకపోలేదు. నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో ఎద్దుల కాళ్లు బిగుసుకొనిపోతున్నవని రైతులే ముందు గమనించినారు. 1937లో షార్టు మొదలైన వైద్యులు అక్కడి మనుషులను పరీక్షించి, పళ్లు రంగు మారడమే కాక వెన్ను, కీళ్లు బిగిసి నడుము వంగిపోయే జబ్బుకు త్రాగునీటిలోని ఫ్లోరైడే కారణమని ప్రకటించినారు. మన దేశంలో ఈ వ్యాధి గురించి వెలువడిన తొలి శాస్త్రీయ నివేదిక అదే. ఆ భూములలో చాలావరకు 1970లో ప్రకాశం జిల్లాలో చేరినాయి. తర్వాతి కాలంలో నల్లగొండ పేరు ఈ జబ్బుతోనే ముడిపడి దేశమంతా వినిపించినది. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును అడుగుకు దింపే పద్ధతిని 1970ల దశకంలో నాగపూరులోని పరిశోధన సంస్థవారు రూపొందించినప్పుడు దానికి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టినారు. ఒక జిల్లాకు ఇటువంటి కీర్తి రావడం విచారకరం.

మన పడమటి కర్నూలు సంగతి అంత తీవ్రమైనది కాకపోయినా నేల స్వభావం ఆ కోవలోనిదే. పైన నల్లరేగడి, అడుగున గ్రానైటు, నైసు రాళ్లు. ఆదోని కొండలను చూసినవారికి ఈ రాతిని గురించి వేరే చెప్పనక్కరలేదు. ఆ రాళ్లలోని అభ్రకం, అపటైటు, ఫ్లోరైటు వంటి ఖనిజాలలో ఫ్లోరిన్ ఉంటుంది. వాననీరు రాతి పగుళ్లలోకి దిగి, ఎన్నో ఏండ్లు అక్కడే నిలిచి, కొంచెం కొంచెంగా ఫ్లోరైడును కరిగించుకొంటుంది. నీటిలో సున్నపు పాలు తగ్గి సోడా పాలు పెరిగినప్పుడు మరింత కరుగుతుంది. వానలు తక్కువై, బావులు ఎండి, బోర్లు లోతుకు పోయినకొద్దీ మనం త్రాగేది రాతితో ఎక్కువకాలం సహవాసం చేసిన నీరు. కేంద్ర భూగర్భజల మండలివారు ఆంధ్రప్రదేశ్‌లో కొన్నిచోట్లనైనా ఫ్లోరైడు హద్దుమీరిన జిల్లాలలో కర్నూలును కూడా చేర్చినారు. ప్రతి ఊరిలోనూ ఉన్నదని దీని అర్థం కాదు. ఒక వీధి బోరు మంచిదై, పక్క వీధి బోరు చెడ్డది కావచ్చును. రుచికి, రంగుకు, వాసనకు ఫ్లోరైడు దొరకదు. పరీక్ష చేయించడమొకటే మార్గం.

ఎంత ఉంటే హద్దు? లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము మించరాదని భారత ప్రమాణాల సంస్థ నిర్ణయం. వేరే నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు ఓర్చుకోవచ్చునన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు కూడా 1.5. చల్లని దేశాలవారికంటె మనం మరికొంత జాగ్రత్తగా ఉండవలసినదెందుకో మే నెలలో ఆదోని బజారులో ఒక గంట నిలబడినవారికి తెలుస్తుంది. ఎండలు మండే చోట మనిషి రెట్టింపు నీరు త్రాగుతాడు. నీటితోపాటే ఫ్లోరైడు కూడా.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. మరక పడేది పంటిపొర తయారవుతున్న కాలంలో మాత్రమే. శాశ్వతమైన ముందుపళ్ల పొర శిశువుకు మూడు నాలుగు నెలల వయసునుండి ఏర్పడడం మొదలై, నాలుగైదేండ్లకు పూర్తి అవుతుంది. ఎనిమిదేండ్లు దాటినవారికి జ్ఞానదంతాలు తప్ప తక్కిన పళ్లన్నింటి పైపొర పూర్తయి ఉంటుంది. కనుక ఏడవ తరగతిలో కనిపించే మరక ఆ బిడ్డ ఉగ్గు త్రాగే నాటిది, ఒడిలో ఆడే నాటిది. ఆ వయసులో వాడు చేసిన తప్పేమి ఉంటుంది? ఎనిమిదేండ్లు దాటినవారికి కొత్తగా మరక రాదు కదా అని అదే నీరు త్రాగమనడం కూడా తగదు, ఎముకల మీద దాని పని ఎన్నేండ్లయినా సాగుతూనే ఉంటుంది.

ఉపాధ్యాయులు వైద్యులు కానక్కరలేదు గాని ఈ మరకను గుర్తుపట్టడం కష్టం కాదు. ఫ్లోరైడు మరక జంటగా వస్తుంది. కుడివైపు పంటిమీద ఏ తీరున ఉంటుందో, దాదాపు అదే తీరున ఎడమవైపు జతపంటిమీద ఉంటుంది, రెండూ ఒకే కాలంలో ఏర్పడినవి కనుక. చారలు అడ్డంగా ఉంటాయి. మొదట సుద్దవంటి తెలుపు, ఎక్కువైతే పసుపు, గోధుమరంగు, ఇంకా తీవ్రమైతే గుంటలు పడతాయి. ఒకే నీరు త్రాగి పెరిగిన అన్నదమ్ములకూ, ఇరుగుపొరుగు పిల్లలకూ ఉంటుంది. పాచి అయితే చిగురు అంచున మెత్తగా పేరుకొని గోటితో గీకితే వస్తుంది. పుచ్చు అయితే ఎక్కడో ఒకచోట, నమిలే పంటి గాడిలోనో రెండు పళ్ల నడుమనో మొదలై, నల్లగా గుంటపడి, తీపికీ చల్లదనానికీ జివ్వుమంటుంది.

ఫ్లోరైడు మరకకు చికిత్స లేకపోలేదు. పైపొరను అతి పలుచగా అరగదీయడం, రంగును తేలికపరచే మందు పూయడం, పంటిరంగు పూత వేయడం, మరీ ఎక్కువైతే పలుచని తొడుగు వేయడం అనే పద్ధతులు ఉన్నాయి. వీటిని వైద్యుడే చేయాలి. ఇటుకపొడి, ఇసుక, బొగ్గుపొడి, బూడిద మరకను తీయవు, మంచి పొరను అరగదీసి పంటిని జివ్వుమనేటట్లు చేస్తాయి. మా పిల్లవానికి జరిగినది అదే. నేనన్న మాటకు ముందే వాడు ఇటుకపొడి పట్టినాడని నన్ను నేను సమాధానపరచుకోవచ్చు. అయితే వానికి ఆ మాట అన్నవారు నాకంటె ముందు మరెందరో ఉండి ఉంటారు.

ఇంతగా మరక గురించి వ్రాసి, అసలు బాధపెట్టే జబ్బును విస్మరించరాదు. అది పుచ్చు. పిప్పిపన్ను అన్నా అదే. మన తరగతులలో మరక ఉన్న పిల్లలకంటె పుచ్చు ఉన్న పిల్లలే ఎక్కువమంది, కాని దవడపళ్లు ఎవరికీ కనిపించవు కనుక వారిని ఎవరూ నవ్వరు, ఎవరూ చూడరు. పంటిలో పురుగు చేరి తొలుస్తున్నదని పెద్దలంటారు. పురుగు లేదు, కంటికి కానరాని సూక్ష్మజీవులున్నాయి. పంటికి పట్టిన పాచిలో అవి కాపురముంటాయి. మనం తిన్న తీపిని తిని ఆమ్లాన్ని విడుస్తాయి. ఆ ఆమ్లం పంటిపొరలోని సున్నపు లవణాన్ని కరిగిస్తుంది. తీపి తిన్న ప్రతిసారీ అరగంట మొదలు గంటవరకు ఈ కరగడం సాగుతుంది. తర్వాత లాలాజలం వచ్చి ఆమ్లాన్ని విరిచి, పోయిన లవణాన్ని కొంత తిరిగి చేరుస్తుంది. ఇది రోజంతా జరిగే బేరం. కనుక ఎంత తీపి తిన్నామన్నదానికంటె ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యం. భోజనంతో ఒక్కమారు బెల్లం ముక్క తిన్నవానికంటె, ఉదయంనుండి సాయంత్రంవరకు చాక్లెట్టు చప్పరించే పిల్లవాని పళ్లకు నష్టమెక్కువ. పాకం పట్టిన పల్లీ చిక్కీ మంచి ఆహారమే, కాని పంటి గాళ్లలో అంటుకొని ఉంటుంది. తిన్న వెంటనే నీరు పోసుకొని పుక్కిలించడం అలవాటు చేస్తే చాలు.

ఫ్లోరైడు కథలో వింత ఇక్కడ ఉన్నది. ఆ కరగడాన్ని ఎదిరించి, పోయిన లవణాన్ని తిరిగి చేర్చడంలో పంటికి తోడ్పడేది ఆ ఫ్లోరైడే. మెకే, బ్లాక్‌లు గమనించిన రెండవ సంగతి ఇదే. 1945లో అమెరికాలోని గ్రాండ్ ర్యాపిడ్స్ నగరంలో ఫ్లోరైడు తక్కువగా ఉన్న నీటికి కొంచెం కలిపి చూసినారు. పిల్లల పళ్ల పుచ్చు గణనీయంగా తగ్గినది. మనం వాడే టూత్‌పేస్టులలో చాలావాటిలో ఫ్లోరైడు ఉండడానికి కారణం ఇదే. అయితే నీరు కడుపులోకి పోతుంది, పేస్టు పంటిమీద మాత్రమే పనిచేసి బయటికి రావాలి. మింగితే పేస్టూ నీటివంటిదే అవుతుంది. అందుచేత ఆరేండ్లలోపు పిల్లలకు పేస్టు బఠాణీగింజ పాటి చాలు, మూడేండ్లలోపువారికి బియ్యపుగింజ పాటి. పెద్దవారెవరైనా దగ్గరుండి ఉమ్మించాలి. నీటిలో ఫ్లోరైడు ఎక్కువని తెలిసిన ఊరిలో చిన్నపిల్లలకు ఏ పేస్టు వాడాలో వైద్యుని అడిగి నిర్ణయించుకోవడం మంచిది.

వేపపుల్ల మాటేమిటని మీరడగవచ్చు. మా పెద్దలు వేపపుల్లతో, కానుగపుల్లతో తోముకొని నూరేండ్లు బ్రతికినారని చెప్పేవారున్నారు. పుల్లను బాగా నమిలి, కుంచెవలె మెత్తగా చేసి, చిగురునుండి పంటి కొనవైపు తోమితే పాచి పోతుంది. దానిని తప్పుపట్టను. కాని దవడల వెనుకకు పుల్ల అందదు, పుచ్చు మొదలయ్యేది అక్కడే. నమలకుండా గట్టిపుల్లతో అడ్డంగా రుద్దితే చిగురు చిరుగుతుంది. మెత్తని కుంచె ఉన్న బ్రష్షు వాడి, రెండు నిమిషాలపాటు, ఉదయమొకసారీ రాత్రి నిద్రకు ముందొకసారీ తోముకోవడమే మేలు. రెండింటిలో ఒకటే సాధ్యమంటే రాత్రినే ఎన్నుకొమ్మంటాను. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, పంటికి కావలి ఉండదు. మన ఇండ్లలో ఉదయం తోముకోనిదే కాఫీ ముట్టనివారు కూడా రాత్రి తోముకోరు.

ఆరేండ్ల వయసులో పాలపళ్ల వెనుక, ఏ పన్నూ ఊడకుండానే, దవడపన్నొకటి వస్తుంది. తల్లిదండ్రులు దానిని కూడా పాలపన్నే అనుకొంటారు, పుచ్చినా ఊడిపోయేదే కదా అని ఊరకుంటారు. అది ఊడదు, డెబ్బది ఏండ్లు నమలవలసిన పన్ను. దాని గాళ్లు లోతైనవి. ఒకటవ, రెండవ తరగతి పిల్లల నోటిలో దానిని వైద్యునికి చూపి గాళ్లను పూతతో మూయిస్తే పెద్ద ఉపకారం చేసినట్లే. పాలపళ్లు కూడా ఊరకే పుచ్చనివ్వరాదు, వెనుక రాబోయే పంటికి అవి చోటు పట్టి ఉంచుతాయి.

పుచ్చు పైపొరలో ఉన్నప్పుడు నొప్పి ఉండదు. అప్పుడే పోతే వైద్యుడు గుంటను శుభ్రపరచి పూడుస్తాడు, అంతటితో పని తీరుతుంది. పొర దాటి లోపలి మెత్తని గుజ్జుకు చేరినప్పుడు రాత్రిళ్లు నిద్రపట్టని పోటు వస్తుంది. అప్పుడు గుజ్జును తీసి వేరుకాలువలను శుభ్రపరచి మూసే చికిత్స కావాలి. దానినే రూట్‌కెనాల్ అంటారు. ఆ పైన తొడుగు వేయాలి. ఖర్చు పెరుగుతుంది. అదీ ఆలస్యమైతే పన్ను తీసివేయడమే గతి. మన ప్రాంతంలో చాలామంది మొదటి రెండు మెట్లూ దాటవేసి మూడవదానికే వస్తారు. దీనిని అజ్ఞానమని కొట్టివేయడం సులభం. పనులు లేని కాలంలో ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపునుండి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు సీమకు మిరపకోతలకు పోతాయి. పిల్లలూ పోతారు. చేనుగట్టున గుడిసెలో బిడ్డకు పంటిపోటు వస్తే తల్లి లవంగమో కర్పూరమో పెట్టి తెల్లవార్చుతుంది. లవంగనూనె పోటును కాసేపు మాన్పుతుంది, పుచ్చును మాన్పదు. పొగాకు పెట్టించడం మాత్రం ఎన్నడూ తగదు, పంటిపోటుతో మొదలై పొగాకే అలవాటైనవారిని చూసినాను. దవడ వాచి, జ్వరం వచ్చి, నోరు తెరవడం లేక మింగడం కష్టమైతే అది రేపటికి వాయిదా వేయదగిన జబ్బు కాదు.

పై పన్ను తీయిస్తే కన్ను పోతుందనే భయం మన పల్లెలలో ఇంకా ఉన్నది. పంటి నరానికీ చూపు నరానికీ సంబంధం లేదు. గార తీయిస్తే పళ్లు కదులుతాయన్నది మరొకటి. నిజానికి చిగురును తినివేసి పంటిని కదిలించేది గారయే. అది గోడవలె పట్టుకొని ఉన్నంతకాలం కదలిక తెలియదు, తీయగానే తెలుస్తుంది, నింద వైద్యుని మీద పడుతుంది. చిగురునుండి నెత్తురు కారుతున్నదని తోమడం మానేసేవారు కూడా ఉన్నారు. అది వాపు గుర్తు, మెత్తని బ్రష్షుతో మరింత శ్రద్ధగా తోమవలసిన సమయం.

పెద్ద తరగతుల ఉపాధ్యాయులకు మరొక్క మాట. గుట్కా, వక్కపొడి అలవాటైన పిల్లవాని నోరు క్రమంగా బిగుసుకొనిపోతుంది. తన మూడు వేళ్లు నిలువుగా నోటిలో పట్టనివానిని, కారం తగిలితే మంటపుట్టేవానిని వెంటనే వైద్యునికి చూపాలి. వక్క ఒక్కటే, పొగాకు లేకున్నా, క్యాన్సరు కారకమని అంతర్జాతీయ పరిశోధన సంస్థ తేల్చినది.

మళ్లీ నీటి సంగతికి వస్తాను. నీరు మరిగించితే ఫ్లోరైడు పోతుందని చాలామంది నమ్మకం. పోదు, నీరు ఆవిరై తగ్గినకొద్దీ మరింత చిక్కబడుతుంది. మామూలు కొవ్వొత్తి ఫిల్టరు కూడా దానిని ఆపలేదు. ఉపరితలపు నీటిలో, అనగా నది, కాలువ, చెరువు, వాననీటిలో ఫ్లోరైడు సాధారణంగా తక్కువ. 1953లో పూర్తయిన తుంగభద్ర ఆనకట్ట దిగువ కాలువ ఈ ప్రాంతం మీదుగానే పోతున్నది. ఆ నీరు వడబోత చెరువుల ద్వారా చేరిన ఊళ్లలో త్రాగడానికి దానినే వాడి, బోరునీటిని బట్టలకూ గొడ్లకొట్టం కడగడానికీ ఉంచుకొంటే చాలు. ముఖ్యంగా గర్భిణులకు, పాలబుగ్గల బిడ్డలకు ఏ నీరు పోస్తున్నామో చూసుకోవాలి. పాలు, రాగి, ఆకుకూరలు ఉన్న భోజనం ఫ్లోరైడు కీడును కొంత తగ్గిస్తుంది. గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలలలో నీటిని పరీక్షిస్తారు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద బడికి వచ్చే వైద్యబృందం చూడవలసిన వాటిలో పంటిపుచ్చు కూడా ఒకటి. వారు వచ్చిన రోజున పిల్లలచేత నోరు తెరిపించడం మన పని.

శిబిరం ముగిసిన మరుసటి సోమవారం ప్రార్థన తర్వాత నేను గోళ్లు మాత్రమే చూసినాను. ఫలానా వారం నేనన్న మాట తప్పని, ఆ పళ్లు శుభ్రమైనవేనని, మరక నీటిదని అందరి ఎదుటా చెప్పినాను. అందరి ఎదుటా అన్న మాటను ఒంటరిగా పిలిచి వెనుకకు తీసుకోవడం న్యాయమనిపించలేదు. ఆ రోజున ఎవరూ నవ్వలేదు. తర్వాత తమ పళ్లమీద కూడా చారలున్నాయని ఒకరి వెంట ఒకరు ముందుకు వచ్చినారు. వారిలో ఎక్కువమంది ఒకే వీధివారు.

ఏయే బోరింగు నీరు ఎటువంటిదో తెలుసుకొందామని పిల్లలచేత సీసాలలో నీరు తెప్పించినాను. పరీక్షలో ఆ వీధి బోరింగు నీరు హద్దు దాటినదని తర్వాత తెలిసినది, దాని గొట్టానికి ఎర్రరంగు పూసినారు. ఆ నీరు తెచ్చిన రోజున సీసాల మీద వీధి పేరు, తేదీ, తెచ్చినవారి పేరు వ్రాసి అంటించే పని ఆ పిల్లవానికే అప్పగించినాను, చేతివ్రాత చక్కనిది కనుక. ఏడు సీసాలు వచ్చినాయి. కాగితం జారకుండా ఒక చేత సీసాను పట్టి, మరొక చేత బంక రాయవలసి వచ్చినది. ఎవరో ఏదో అన్నారు, వాడు నవ్వినాడు. మూతికి అడ్డం పెట్టుకొనడానికి చేయి ఖాళీగా లేదు.